రాయి యెంత బరువు మోయును?

పారిసు నగరమున సెయింట్ జెనెవీవ్ పేర ఒక మహాలయమును నిర్మింపవలెనని సంకల్పించిన ఫ్రాన్సు రాజు పదునైదవ లూయీ 1764వ సంవత్సరము సెప్టెంబరు 6వ తేదీని స్వహస్తముతో దానికి తొలిరాయి వేసెను. నిర్మాణ భారమును వహించిన వాస్తుశిల్పి సూఫ్లో, గ్రీకు దేవాలయముల స్తంభ సౌందర్యమును, గోతిక్ ఆలయముల తేలికదనమును ఒక్కచో మేళవింపగోరినవాడు; కావున నడుమ లేచు మహోన్నత శిలాగుమ్మటమును నాలుగు సన్నని స్తంభకూటములపై నిలుపుటకు నిశ్చయించెను. స్తంభమెంత సన్ననిదైన లోపల అంత విశాలత, అంత వెలుతురు. అయితే 1770లో పాత్ అను మఱియొక వాస్తుశిల్పి ఒక పత్రమును ప్రకటించి, ఆ స్తంభములు గుమ్మటపు బరువును మోయజాలవని బాహాటముగా ఆక్షేపించెను. వాదము రేగినది. ఇరుపక్షములవారును పూర్వుల కట్టడముల కొలతలను ఉదాహరించుకొనిరేగాని, స్తంభములకు వాడదలచిన రాయి యెంత బరువునకు నలుగునో ఒక్కరును చెప్పజాలకపోయిరి. ఏలయన ఆ ప్రశ్నను అంతవఱకు ఆ రాతినే అడిగినవారు లేరు.

అడిగినవాడు గోతే అను ఇంజనీరు. వంతెనలు, కాలువలు నిర్మించుటలో పండినవాడగుటచే ఆయనకు పండితుల వాదమునకన్న తూకపురాళ్లపైననే విశ్వాసము మెండు. ఒక పొడవైన ఇనుప తులాదండమును అమర్చి, దాని ఇరుసునకు చేరువగా చిన్న రాతిముక్క నుంచి, దూరపు కొనయందు బరువులను క్రమక్రమముగా పెంచుచు, ఏ బరువునకు ఆ ముక్క పగులునో వ్రాసికొనెను. దండపు కొన యెంత దూరముండునో అన్ని రెట్లు బరువు రాతిపై పడును గనుక, మనుష్యులు ఎత్తిపెట్టగల బరువులతోనే టన్నుల యొత్తిడిని కలిగింప వీలయ్యెను. 1774లో ప్రకటితమైన ఆ ఫలితములు ఆశ్చర్యకరములు: రాళ్లను నలుగగొట్టుటకు వలసిన బరువును, అదే రాళ్లు కట్టడములలో నిజముగా మోయుచున్న బరువుతో పోల్చిచూడగా, మొదటిది రెండవదానికి సాధారణముగా పది రెట్లకు తక్కువ కాకుండెను. పాత్ భయము నిరాధారమని తేలినట్లే తోచెను.

అయినను కథ అక్కడ ముగియలేదు. 1780లో సూఫ్లో మరణించగా, రోండెలే అను శిష్యుడు గుమ్మటమును 1790 నాటికి పూర్తిచేసెను. పిమ్మట ఆ స్తంభములందు పగుళ్లు కనిపించినవి! యంత్రము చెప్పిన సంఖ్య అబద్ధమా? రోండెలే స్తంభములను శోధించి కనుగొన్న కారణమిది: రాయిపై రాయి పేర్చునప్పుడు కీలు సన్ననిదై కంటికి ఇంపుగా కనబడుటకై పనివారు ప్రతిరాతి పైముఖమును, అడుగు ముఖమును అంచులవెంట మాత్రమే నునుపుగా చెక్కి, నడిభాగమును కొంచెము గుంటగా తొలిచి, ఆ సందున గచ్చు నింపియుండిరి, గచ్చు ఎండి క్రుంగగా బరువంతయు అంచులమీదికి జరిగెను. మొత్తము ముఖము పంచుకొనవలసిన భారమును అంగుళమాత్రపు అంచు ఒంటిగా మోయవలసి వచ్చినందున అది పెచ్చులూడెను. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున స్తంభములను లావుచేసి రోండెలే ఆ యాలయమును రక్షించెను. నేడు పాంథియన్ అను పేర ప్రసిద్ధమై, వోల్టేర్, రూసో, క్యూరీ దంపతుల సమాధులకు నెలవైన కట్టడమదియే.

శిలల బలమును కొలుచు శాస్త్రమునకు ఇంతకన్న తగిన జన్మవృత్తాంతము మఱియొకటి లేదని నా యభిప్రాయము. గోతే తప్పు లెక్కింపలేదు, రాయి మోసగింపలేదు. రాతిపైకి బరువు వచ్చిన తీరు మాత్రము గోతే యంత్రమున నొకటి, పారిసు స్తంభమున వేఱొకటి. రాతిబలమని మనము వ్రాసికొను సంఖ్యలో రాతిపాలెంత, ఒత్తినవాని పాలెంత యని విడదీయుటకే తరువాతి రెండువందల యేండ్ల కృషి చాలమట్టుకు వినియోగపడినది.

సంపీడన బలమనగా నేమి? ఒక రాతిముక్కను రెండు పలకలనడుమ నుంచి ఒత్తగా, అది భగ్నమగునప్పుడు మోయుచుండిన బరువును దాని అడ్డుకోత వైశాల్యముచే భాగింపగా వచ్చు లబ్ధమే. దీనిని నేడు మెగాపాస్కల్ అను ప్రమాణమున చెప్పుచున్నారు. ఒక మెగాపాస్కలనగా చదరపు సెంటీమీటరుపై ఇంచుమించు 10 కిలోగ్రాముల బరువు. మంచి గ్రానైటు 100 మొదలు 250 మెగాపాస్కల్ వఱకు ఓర్చును. 150 మెగాపాస్కల్ బలముగల గ్రానైటుపై, బొటనవ్రేలి గోరంత చోటున, ఒకటిన్నర టన్నుల బరువు నిలుచునన్నమాట. ఇండ్లకు వాడు సామాన్యపు కాంక్రీటు బలము 20 మొదలు 40 మెగాపాస్కల్ మాత్రమే. మఱియొక లెక్క చూడుడు. ఘనమీటరు గ్రానైటు సుమారు 2,650 కిలోగ్రాములు తూగును. ఆ గ్రానైటుతో నిటారుగా ఒక స్తంభమును లేపుకొనిపోయినయెడల, తన బరువునకు తానే అడుగున నలుగుటకు అది సుమారు 5,700 మీటర్ల యెత్తు పెరుగవలెను. సముద్రమట్టమునుండి ఎవరెస్టు శిఖరపు టెత్తులో అది మూడింట రెండు వంతులు.

ఇంతటి బలముగల రాయి, లాగినప్పుడు మాత్రము మిక్కిలి దుర్బలము. ఒత్తిడికి ఓర్చుకొను బలములో పదియవ వంతో, ఇరువదియవ వంతో తన్యబలము. అందుచేతనే మన పూర్వులు రాతి దూలములను పొడవుగా వేయక స్తంభములను దగ్గరదగ్గరగా నిలిపిరి. వంగిన దూలపు అడుగుభాగము లాగబడును గదా. రుద్రదేవుడు 1163లో హనుమకొండయందు కట్టించిన వేయిస్తంభముల గుడిలో అన్ని స్తంభములుండుటకు శోభతోబాటు రాతి స్వభావముగూడ కారణము కాకపోదు.

ఒత్తిడిచే రాయి యెట్లు విఱుగును? ఇది పైకి కనబడినంత సులభమైన ప్రశ్న కాదు. వస్తువును నలువైపులనుండి సమముగా ఒత్తినచో అది కుదించుకొనునేగాని విఱుగుటకు దారియే లేదు. 1773లో ఫ్రెంచి ఇంజనీరు కులూంబు దీనికొక సమాధానము చెప్పెను: స్తంభముపై నిలువుగా ఒత్తినను అందలి వాలుతలముల వెంట ఒక భాగమును మఱియొక భాగముపై జార్చు బలము పుట్టును, ఆ జారుడును రాతి అంటుకొను గుణమును, తలముల రాపిడియు కలిసి అడ్డుకొనును, ఏ తలమున ఈ అడ్డగింపు మొదట ఓడునో ఆ తలము వెంట స్తంభము తెగును. నేటికిని ఇంజనీర్లు ఈ సూత్రముతోనే లెక్కలు కట్టుచున్నారు. అయినను రాతి గర్భమున జరుగు క్రియను తెలిసికొనుటకు మఱి నూటయేబది యేండ్లు వేచియుండవలసివచ్చెను. గ్రిఫిత్ అను ఆంగ్లేయ ఇంజనీరు గాజుపై ప్రయోగములు చేసి, పదార్థములందు కంటికి కనబడని సూక్ష్మమైన బీటలు ఉండుననియు, వాని కొనలయందు బలము కేంద్రీకరించుటచేతనే అవి సిద్ధాంతము చెప్పుదానికన్న ఎంతో తక్కువ బరువునకు విఱుగుననియు 1921లో నిరూపించెను. మూడేండ్లకు ఆయనయే తన వాదమును ఒత్తిడికిగూడ విస్తరింపజేసి, పైనుండి ఒత్తినప్పటికిని వాలుగా నున్న బీటల కొనలయందు లాగుడు పుట్టుననియు, ఆ లెక్కన సంపీడన బలము తన్యబలమునకు ఎనిమిది రెట్లుండవలెననియు చూపెను. నిజమైన రాళ్లలో ఈ నిష్పత్తి ఇంకను పెద్దది; ఒత్తిడియందు బీటల ముఖములు మూసికొని రాపిడి పుట్టుట దానికొక కారణము. తాత్పర్యమేమనగా, మనము నలుగుటయని చెప్పుకొనునది చాలవఱకు రాతిలోపల అసంఖ్యాకములైన చిన్నచిన్న చీలుటల సముదాయము.

ఒక గ్రానైటు స్తూపమును పరీక్షాయంత్రమున నిలిపి మెల్లగా ఒత్తుచు పోయిన, ఈ చీలుటల చరిత్ర అంతయు క్రమముగా బయటపడును. మొట్టమొదట, రాతియందు మునుపే యున్న సన్నని బీటలు మూసికొనును. అప్పుడు రాయి కొంచెము మెత్తనిదివలె ప్రవర్తించి, పిదప బిఱుసెక్కి, బరువు పెరిగినకొలది సమానముగా కుదించుకొనును. తుదిబలములో నూటికి నలువది ప్రాంతమున, కొత్త బీటలు ఒత్తిడి దిక్కునకు సమాంతరముగా మొలకెత్తును. ఇవి చేయు చిరుధ్వనులు చెవికి వినబడవుగాని తగిన పరికరమునకు వినబడును; 1940 ప్రాంతమున అమెరికా గనులశాఖకు చెందిన ఓబర్ట్, డువాల్ అను శాస్త్రజ్ఞులు ఈ ధ్వనులను పట్టి రాతి యవస్థను తెలిసికొను విద్యకు దారితీసిరి. నూటికి ఎనుబది సమీపించునప్పటికి ఒక వింత కలుగును: ఒత్తబడుచున్న రాయి ఘనపరిమాణమున ఉబ్బనారంభించును! బీటలన్నియు పక్కలకు తెఱచుకొనుటయే దీనికి హేతువు. ఈ దశను దాటిన పిమ్మట బరువును పెంచకుండ నిలిపినను, కాలము గడచినకొలది రాయి తనంత తానే భగ్నమగును. కావున శాశ్వతముగా నిలువవలసిన కట్టడములకు ప్రయోగశాలలో అయిదు పది నిమిషములలో కొలిచిన తుదిబలమును ప్రమాణముగా గొనరాదు.

ఇక పరీక్షా విధానము. అంతర్జాతీయ శిలాయాంత్రిక సంఘము 1962లో ఆస్ట్రియా దేశపు సాల్జ్‌బర్గు నగరమున ఏర్పడినది. ఆ సంఘము సూచించిన పద్ధతిని, దానికి సన్నిహితమైన మన దేశపు ప్రమాణమగు 1979 నాటి ఐ.ఎస్. 9143ను ప్రయోగశాలలు అనుసరించును. వజ్రపు కణములు పొదిగిన గొట్టపు బిట్టుతో బండనుండి 54 మిల్లీమీటర్ల వ్యాసముగల కోరు తీయుదురు. దాని పొడవు వ్యాసమునకు రెండున్నర మొదలు మూడు రెట్లుండవలెను. వ్యాసము రాతియందలి అతిపెద్ద రవ్వకు పదిరెట్లయినను ఉండవలెను, లేనిచో ఒక్క ఫెల్‌స్పార్ స్ఫటికము స్తూపమంతటికి ప్రతినిధియై కూర్చుండును. అన్నిటికన్న కఠినమైన నియమము కొనలకు సంబంధించినది. స్తూపపు రెండు కొనలు మిల్లీమీటరులో ఏబదియవ వంతునకు మించిన ఎగుడుదిగుడులు లేకుండ సానపట్టబడవలెను. లోపమును కప్పుటకు గంధకమో, గచ్చో పూయుటకు అనుమతి లేదు. ఏబదియవ వంతు మిల్లీమీటరేమి, అంత పట్టింపు దేనికని అనిపింపవచ్చును. 150 మెగాపాస్కల్ ఒత్తిడిలో 135 మిల్లీమీటర్ల పొడవుగల గ్రానైటు స్తూపము మొత్తముగా కుదించుకొనునది మిల్లీమీటరులో మూడవ వంతు మాత్రమే. అట్టియెడ కొనయందు ఒకవైపు వెంట్రుకవాసి ఎత్తున్నను భారమంతయు ఆ వైపునకే త్రోవదీయును, స్తూపము తన బలములో సగము చూపకముందే అంచున చిట్లును. పారిసు పనివారి గుంట చెక్కడమునకును దీనికిని భేదము పరిమాణమునందేగాని తత్త్వమునందు లేదు.

సానపట్టిన స్తూపమును ఉక్కు పలకల నడుమ నిలుపుదురు. పై పలక ఒక గోళాకారపు పీఠముపై కూర్చుండి, కొంచెము వాలు ఉన్నయెడల తనకు తానే సరిపెట్టుకొనును. నూనె యొత్తిడిచే పనిచేయు ఈ యంత్రము నిమిషము నిమిషమునకు బరువును సమానగతిని పెంచుచు, అయిదు మొదలు పది నిమిషములలో రాయి భగ్నమగునట్లు నడుపబడవలెను. తొందరపడి ఒత్తినచో రాయి ఎక్కువ బలమును చూపును, నింపాదిగా ఒత్తినచో తక్కువ చూపును. ఏలయన బీటల పెరుగుదలకు కాలము కావలెను. ఆ చిన్న స్తూపమును విఱుచుటకు 150 మెగాపాస్కల్ బలముండెనేని 35 టన్నుల బరువు వలసియుండును. 54 మిల్లీమీటర్ల వ్యాసముగల రాతిముక్కపై నిండుగా లోడైన రెండు మూడు లారీల బరువు నిలిచినదని తలంపవలెను.

భగ్నమగు క్షణము భయంకరముగా నుండును. పెద్ద చప్పుడుతో పెచ్చులు ఎగిరిపోవును, అందుచే యంత్రమునకు రక్షకముగా తెర నుంచుదురు. చాలకాలము ఈ పేలుడు గ్రానైటుయొక్క సహజగుణమే యనుకొనిరి. దక్షిణాఫ్రికా బంగారుగనులలోని రాతిపేలుళ్లను శోధించుచుండిన నెవిల్ కుక్ 1965లో యంత్రపు పాత్రను ఎత్తిచూపెను: ఒత్తునప్పుడు రాయితోబాటు యంత్రపు ఉక్కు కంబములుగూడ కొంచెము సాగి శక్తిని దాచుకొనును, రాయి బలహీనపడిన తక్షణమే ఆ శక్తియంతయు రాతిపైకి దుమికి దానిని ముక్కలు చేయును. యంత్రమును మిక్కిలి బిఱుసుగా నిర్మించి, రాయి వెనుకంజ వేసినప్పుడు బరువును వెంటనే తగ్గించు ఏర్పాటు చేసినచో, అనేక శిలలు పేలక, తుదిబలమును దాటిన పిదపగూడ మెల్లమెల్లగా శక్తి నుడుగుచు చాలసేపు కొంత భారమును మోయుచునే యుండును. గనులలో విడిచిన రాతి స్తంభములు బీటలువారియు ఏండ్ల తరబడి కప్పును మోయగలుగుటకు ఈ గుణమే కారణము. మనము రాతి స్వభావమనుకొన్నది కొంత యంత్ర స్వభావమని తేలుట విజ్ఞానశాస్త్రమున మాటిమాటికి జరుగు వ్యవహారము. అయినను ఇంత స్పష్టముగా జరిగిన సందర్భములు అరుదు.

రూపము మాఱినను సంఖ్య మాఱును. కట్టడపు రాళ్లకు వర్తించు ఐ.ఎస్. 1121లో ఎత్తు వెడల్పు సమానమైన ముక్కలు వాడుదురు. పొట్టి ముక్కను ఒత్తినప్పుడు పై పలకయు క్రింది పలకయు రాపిడిచే రాతికొనలను పక్కకు పోనీయక పట్టుకొనును, అందుచే ముక్క నడుము ఊడి డమరుకాకారముగా మిగులును, బలము ఎక్కువగా కనబడును. ఎత్తు వెడల్పునకు రెట్టింపైనచో ఆ పట్టు నడిమికి చేరదు. సమానమైన ముక్కకు నూరు వచ్చుచోట దీనికి సుమారు 89 వచ్చునని ఒక పాత సూత్రము. పరిమాణముగూడ ఇట్లే. ముక్క పెరిగినకొలది పెద్ద బీట దానియందు చిక్కు అవకాశము పెరుగును, బలము తగ్గును. ఈవర్ట్ హోక్, బ్రౌన్ అనువారు అనేక ప్రయోగములను సమీకరించి 1980లో ఇచ్చిన సూత్రము ప్రకారము, 50 మిల్లీమీటర్ల స్తూపమునకు నూరైన బలము 200 మిల్లీమీటర్ల స్తూపమునకు 78 మాత్రమే.

నీటి ప్రభావము ఇంతకన్న తీవ్రమైనది. గ్రానైటు నీటిని కొంచెమే పీల్చును గనుక తడిసినప్పుడు దాని నష్టము పరిమితము. ఇసుకరాళ్లు, మట్టిపలకలు అట్లుకావు. క్వార్ట్‌జ్ అధికముగానున్న ఒక ఇసుకరాతిని, ఒక మట్టిపలకను నీట నానబెట్టి పరీక్షింపగా, పూర్తిగా ఎండిన స్థితిలోని బలములో సగమే మిగిలినట్లు దక్షిణాఫ్రికాలో 1965లో కోల్‌బాక్, వీడ్ అనువారు చూపిరి. నీటి యణువులు బీటల కొనలయందు ఖనిజపు బంధములను సడలించుట ఇందుకు ముఖ్యకారణము. ఏటియొడ్డున వంతెనకు వాడు రాతిని ఎండబెట్టి పరీక్షించి తృప్తిపడుట ఎంత ప్రమాదకరమో దీనివలన గ్రహింపనగును. ఐ.ఎస్. 1121 ఎండిన ముక్కలనేగాక మూడు దినములు నీట నానిన ముక్కలను గూడ పరీక్షింపవలెనని విధించుట ఎంతయు యుక్తము.

దిక్కును గూర్చి వడ్డెర పనివారికి తెలిసినంత ప్రయోగశాలలవారికి తెలియుటకు చాలకాలము పట్టినది. నిగ్గైన గ్రానైటు ఏ దిక్కున చూచినను ఒక్కటిగా కనబడినను, దానిలో సూక్ష్మమైన బీటలు ఒక దిక్కున ఎక్కువగా పరచుకొని యుండును. ఆ దిక్కున ఉలితో వరుసగా గంట్లు కొట్టి సమ్మెటతో మోదిన బండ తీరుగా చీలును, అడ్డముగా మోదిన వంకరపోవును. బండను చూచి, సుత్తితో తట్టి, ఆ దిక్కును చెప్పగల పనివాడు చేయునది శిలాయాంత్రిక పరీక్షయే యని నేను నిస్సంశయముగా చెప్పుదును. పొరలుగల పలకరాళ్లలో దిక్కు మాఱిన బలము రెండు మూడు రెట్లు మాఱును; పొరలు ఒత్తిడి దిక్కుతో ముప్పది డిగ్రీల వాలున నున్నప్పుడు రాయి అతిదుర్బలమగును, కులూంబు చెప్పిన జారుడు అప్పుడు పొర వెంటనే జరుగును గనుక.

రాయి పేరు చెప్పినంతమాత్రమున బలము చెప్పినట్లు కాదనుటకు మన ప్రాంతమే చక్కని నిదర్శనము. హైదరాబాదు చుట్టును గుట్టలుగా, ఒకదానిపై ఒకటి పేర్చినట్లు నిలిచిన గ్రానైటు గుండ్లు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటివి. గుండు నడిమిరాయి ఉక్కువలె మ్రోగును; అయితే బీటల వెంట నీరు దిగినచోట ఫెల్‌స్పార్ మట్టిగా మాఱి, పలుగుతో త్రవ్వగల మొరమై పోయినది. రెండును ఒక్క శిలయే. తాజారాతికి 150 మెగాపాస్కల్ వచ్చుచోట కొంత చివికిన రాతికి 50 యైనను రాకపోవచ్చును, మొరమును కోరు తీయుటయే సాధ్యపడదు. వ్యాపారపు పేర్లు ఇంకను చిక్కుపెట్టును. ప్రకాశము జిల్లా చీమకుర్తి గనులనుండి దేశదేశములకు పోవు నల్లని గెలాక్సీ గ్రానైటు, భూగర్భశాస్త్రరీత్యా గ్రానైటే కాదు. అది గాబ్రో వర్గపు శిల, దానియందు నక్షత్రములవలె మెఱయునవి బ్రాంజైటు ఖనిజపు రేకులు. తాండూరు, బేతంచెర్ల నాపరాళ్లు సున్నపురాతి జాతివి. సున్నపురాళ్ల బలము రకమునుబట్టి 30 మొదలు 250 మెగాపాస్కల్ వఱకు ఎక్కడనైన నుండవచ్చును. కట్టడములకు వాడు గ్రానైటునకు 131 మెగాపాస్కల్ కనీసబలముండవలెనని అమెరికా ప్రమాణము నిర్ణయించినది; పేరు కాదు, కొలిచిన బలమే దానికి గీటురాయి.

క్షేత్రమున కోరు సానపట్టి యంత్రమెక్కించు తీరిక ఉండనప్పుడు వాడు సులభమైన పరీక్షలు రెండు గలవు. స్విట్జర్లండునందు ఎర్నెస్ట్ ష్మిట్ 1948 ప్రాంతమున కాంక్రీటు కొఱకు కనిపెట్టిన సుత్తి, స్ప్రింగుబలముతో రాతిని కొట్టి తిరిగి ఎగిరిన దూరమును చూపును. రెండవది, రెండు శంకువుల మొనలనడుమ రాతిముక్కను నొక్కి చీల్చుట. బ్రోక్, ఫ్రాంక్లిన్ 1972లో క్రమబద్ధము చేసిన ఈ పరీక్షయందు వచ్చిన సంఖ్యను ఇంచుమించు 24చే హెచ్చించిన సంపీడన బలము తెలియునందురు. ఇవి అంచనాలు మాత్రమే; వీనినే తుదితీర్పులుగా గొనుట తగదు.

ఇంతవఱకు చెప్పినది పక్కల ఆనుడు లేని రాతిని గూర్చి. భూగర్భమున రాయి ఒంటరిది కాదు. 1911లో థియోడర్ ఫన్ కార్మాన్ పాలరాతి స్తూపములను ద్రవపు టొత్తిడిలో నుంచి పక్కలనుండి బిగించుచు పైనుండి ఒత్తగా, ఆనుడు పెరిగినకొలది బలము పెరుగుటయే కాక, చాలినంత ఆనుడులో పెళుసైన పాలరాయి పగులక లోహమువలె ఉబ్బి రూపము మాఱెను. పర్వతములందు శిలాపొరలు ముడుతలు పడుట ఎట్లు సంభవమో ఈ ప్రయోగము కన్నులకు కట్టించినది. ఆనుడు తొలగించిన నేమగునో కోలారు బంగారుగనులు చూపినవి. మూడు కిలోమీటర్లకు మించిన లోతున పైరాతి బరువే సుమారు 80 మెగాపాస్కల్. అక్కడ సొరంగము త్రవ్వినయెడల గోడవెంట అది కనీసము రెట్టింపై 160 ప్రాంతమునకు చేరును, ఎన్నో గట్టిరాళ్ల బలమును సమీపించును, గోడకు లోపలివైపు ఆనుడును ఉండదు. ఆ గనులలో రాతిపేలుళ్లు పనివారి ప్రాణములను హరించినవి. అక్కడనే 1988లో జాతీయ శిలాయాంత్రిక సంస్థ వెలసినది. సంపీడన బలమును కొలుచుట కేవలము పుస్తకవిద్య కాదనుటకు ఇంతకన్న వేఱు సాక్ష్యము వలదు.

భూమిపై కట్టడముల సంగతి ఇందుకు విరుద్ధము. 1955 డిసెంబరు 10వ తేదీని నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరపు రాతి ఆనకట్ట పునాదినుండి సుమారు 124 మీటర్ల యెత్తు. అంత యెత్తుగల రాతికట్టుడు అడుగున కలిగించు ఒత్తిడి సుమారు మూడు మెగాపాస్కల్. జలాశయపు తోపు దీనిని కొంత మార్చినను, రాతిబలముతో పోల్చిన ఇది ముప్పదియవ వంతు కన్న మించదు. అట్లయిన ఇంజనీర్లు దేనికి భయపడుదురు? రాయి నలుగునని కాదు. రాతికి రాతికి నడుమ గచ్చు సడలునని, పునాదిబండయందు పొంచియున్న బీటల వెంట నీరు చొరబడి జారుడు కలిగించునని. సొరంగములకు రాతిని మదింపు చేయుటకు బీనియావ్‌స్కీ ఏర్పరచిన ప్రసిద్ధమైన పట్టికయందు నూరు మార్కులుండగా, రాతిముక్క సంపీడన బలమునకు లభించునది గరిష్ఠముగా 15. మిగిలిన ఎనుబదియైదును బీటల దూరమునకు, వాని ముఖముల తీరునకు, కోరు ఎంత తునుగక వచ్చినదను దానికి, నీటికి చెందును.

అట్లని ఆ పదునైదు మార్కులను అలక్ష్యము చేయరాదు. తక్కిన లెక్కలన్నిటికి అదియే తొలిమెట్టు, ప్రయోగశాలలో చేతికందు కొలతయు అదియే. కావున గుడికో, బడికో, ఇంటికో రాతిని ఎంచుకొనువారు, అమ్మకందారు చూపు ధ్రువపత్రమున బలమును తెలుపు ఒక్క సంఖ్యను చూచి మరలిపోవలదని నా మనవి. ఎన్ని ముక్కలు పరీక్షించిరి, అయిదింటికి తక్కువ కాలేదు గదా, సగటుతోబాటు అన్నింటికన్న తక్కువ వచ్చినది ఎంత, ముక్కలు ఎండినవా, నానినవా, పొరకు నిలువుగా ఒత్తిరా, పొర వెంట ఒత్తిరా, ముక్క ఆకారమేమి, ఈ ప్రశ్నలకు ఆ కాగితమున సమాధానము లేనియెడల మఱియొకసారి పరీక్ష చేయించి తెమ్మని అడుగుడు.